ఖలమ్ పట్టిన చెయ్యి – ఇబ్న్ ముఖ్లా జీవిత కథ



ఇలాంటి సంచికల్లో మన పెద్దల జీవితాలు చెప్పుకోవడం ఆనవాయితీ. నవాబులను గురించి, ఔలియాలను గురించి, స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయినవారిని గురించి మనం చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి మేము ఒక రాతగాణ్ణి గురించి రాయదలిచాము. ఇది నిశ్చయంగా ఆయన చేతిరాతే అని చూపించడానికి నేడు ఒక్క కాగితం కూడా మిగల్లేదు. అయినా మన ఇంట్లో గూట్లో ఉన్న ఖురాన్ షరీఫ్ తెరిచి చూస్తే, ఆ అక్షరాల నిలువులో, వంపులో ఆయన పెట్టిన కొలత కనిపిస్తుంది. ఆయనే బాగ్దాదు నగరానికి చెందిన అబూ అలీ ముహమ్మద్ ఇబ్న్ ముఖ్లా.

వెయ్యేళ్ల కిందటి బాగ్దాదు మనిషి ఈ నెల్లూరు సముద్రతీరంలో మాకెందుకు గుర్తొచ్చాడంటే, దానికొక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మీలాద్ ఊరేగింపుకని మేమూ ఇంకో నలుగురం కలిసి పెద్ద ఫ్లెక్సీ ఒకటి వేయించాము. పైన ఉర్దూలో రెండు పంక్తులు, కింద తెలుగులో నాలుగు పంక్తులు. తెల్లారేసరికి బజారులో కట్టేశారు. మేము పోయి చూస్తే గుండె గుభేలుమంది. ఉర్దూ అక్షరాలన్నీ దేనికది విడిపోయి ఉన్నాయి. పైగా కుడినుంచి ఎడమకు రావలసినవి ఎడమనుంచి కుడికి పడినాయి. తెలుగులో చెప్పాలంటే, స్త్రీ అనే అక్షరాన్ని విడగొట్టి, ఈ, ర, త, స అని తలకిందుల వరసలో రాసినట్టన్న మాట! కొట్టువాడి కంప్యూటరుకు అక్షరాలు కలపడం తెలియదు. ఆ అబ్బాయికి ఉర్దూ రాదు. అతన్ని అని లాభంలేదు. మమ్మల్ని బాధపెట్టింది వేరే సంగతి. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి మన పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. రంగులు బాగున్నాయని మెచ్చుకుంటున్నారు. ఒక్కడంటే ఒక్కడికి కూడా ఆ రాత తప్పని తోచలేదు. ఉర్దూ చెప్పే పంతుళ్లమై ఉండి, అచ్చుకు పోకముందు ఒకసారి చూడని తప్పు మాది కూడా.

ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చుంటే మాకు ఇబ్న్ ముఖ్లా గుర్తుకొచ్చాడు. అక్షరానికి కొలత ఉండాలని లోకానికి నేర్పిన మనిషి, ఆ అక్షరం రాసిన చేతినే పోగొట్టుకున్న మనిషి. ఆయన కథ మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆయన హిజ్రీ 272లో, అంటే క్రీస్తుశకం 885-886 ప్రాంతంలో బాగ్దాదులో పుట్టారు. అరబ్బీలో ముఖ్లా అంటే కనుగుడ్డు. ఆ మాటే వారి ఇంటిపేరుగా నిలిచింది. ఆయన తమ్ముడు హసన్ కూడా గొప్ప లేఖకుడే. అప్పటికి బాగ్దాదు అబ్బాసీ ఖలీఫాల రాజధాని. పెద్ద రాజ్యం అంటే పెద్ద కచేరీ. కచేరీ అంటే లెక్కలు, ఫర్మానాలు, ఉత్తరాలు. ఇప్పటి కలెక్టరు ఆఫీసులో ఫైళ్లు ఎలా పేరుకుంటాయో, అప్పటి దీవాన్లలో కాగితాలు అలా పేరుకునేవి.

కాగితం అన్నామే, దాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. అంతకుముందు తోలు మీద, ఈజిప్టు పపైరస్ మీద రాసేవాళ్లు. చీనావాళ్ల నుంచి కాగితం చేసే విద్య సమర్‌ఖందుకు వచ్చి, ఎనిమిదో శతాబ్దం చివరికి బాగ్దాదు చేరింది. తోలుతో పోలిస్తే కాగితం చవక. దాంతో పుస్తకాలు పెరిగినాయి, రాసేవాళ్లు పెరిగారు. ఖురాన్ ప్రతులకు ఎక్కువగా వాడే కూఫీ లిపి గంభీరంగా ఉంటుంది, కోణాలు కోణాలుగా ఉంటుంది, తొందరగా రాయడానికి వీలుపడదు. కచేరీల్లో రాసే గుండ్రని రాత తొందరగా సాగుతుంది. కాని ఒక్కొక్క గుమాస్తాది ఒక్కొక్క వాటం. ఒకడి నూన్ పెద్ద, ఇంకొకడి నూన్ చిన్న. అందమూ వేగమూ రెండూ ఉండే రాత ఏది అనేది ఆ కాలం వేసిన ప్రశ్న. దానికి జవాబు చెప్పినవారిలో ముందు పేరు ఇబ్న్ ముఖ్లాది.

ఆయన చిన్న కొలువుతో బతుకు మొదలుపెట్టారు. ఫార్స్ ప్రాంతంలో శిస్తు వసూలు పని చేశారు. తరువాత బాగ్దాదుకు వచ్చి, వజీరుగా ఉండిన ఇబ్న్ అల్ ఫురాత్ దగ్గర కార్యదర్శిగా చేరారు. ఉత్తరాలు తెరవడం, జవాబులు రాయడం, పంపడం ఇదీ పని. అక్షరం ఆయన చేతిలో రాటుదేలింది అక్కడే.

ఇక ఆయన పెట్టిన కొలత ఏమిటో చూద్దాం. ఇది పిల్లలకు కూడా అర్థమయ్యేటంత తేలిక.

రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కి, సిరాలో ముంచి, కాగితం మీద ఒక్కసారి అదిమి తీస్తే డైమండు ఆకారంలో ఒక చుక్క పడుతుంది. అదే నుఖ్తా. ఆ నుఖ్తాయే కొలబద్ద అన్నారు ఆయన. నుఖ్తాల మూలలు తగిలేటట్టు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చితే అలిఫ్ ఎంత ఎత్తుండాలో తేలుతుంది. ఆ లెక్క లిపిని బట్టి మారుతుంది. సులుస్ అనే లిపిలో సాధారణంగా ఏడు నుఖ్తాలు, నస్ఖ్‌లో ఐదు అని ఉస్తాదులు చెబుతారు. ఆ అలిఫ్‌ను అడ్డకొలతగా పెట్టుకొని ఒక వలయం గీయండి. ఆ వలయంలో సగం నూన్. నాలుగో భాగం రే. ఇలా ప్రతి అక్షరమూ నుఖ్తాతో, అలిఫ్‌తో, వలయంతో ముడిపడి ఉంటుంది. అరబ్బీలో దీన్ని ఖత్తె మన్సూబ్ అంటారు, అంటే పొందిక గల రాత.

ఇందులో ఉన్న గొప్పతనం ఒక్క క్షణం ఆలోచించండి. కొలత గజాల్లో లేదు, అంగుళాల్లో లేదు. కొలత కలంలోనే ఉంది. సన్న కలంతో రాస్తే చుక్క చిన్నది, అక్షరం చిన్నది. లావు కలంతో రాస్తే చుక్క పెద్దది, అక్షరం పెద్దది. పొందిక మాత్రం అదే. జేబులో పట్టే ఖురాన్‌లోనైనా, మసీదు గుమ్మటం చుట్టూ గజమెత్తు అక్షరాల్లోనైనా అలిఫ్‌కూ నూన్‌కూ ఉండే చుట్టరికం మారదు. ఇప్పుడు పోస్టరులో, బోర్డులో, కంపెనీ గుర్తులో అక్షరాన్ని చిన్నగానో పెద్దగానో వేసేవారు దేన్ని చూసుకుంటారో, దాన్ని ఆయన వెయ్యి సంవత్సరాల కిందట చుక్కలతో చెప్పారు.

ఈ కొలతలన్నీ ఆయన ఒక్కరే కనిపెట్టారని కొందరు, కచేరీల్లో అప్పటికే ఉన్న పద్ధతులను ఆయన ఒక క్రమంలో పెట్టారని ఇంకొందరు చెబుతారు. తమ్ముడు హసన్‌కు కూడా ఇందులో భాగం ఉందనే పండితులు ఉన్నారు. సులుస్, నస్ఖ్, ముహఖ్ఖఖ్, రైహాన్, తౌఖీ, రిఖా అనే ఆరు లిపుల పేర్లు ఎత్తితే మాత్రం సంప్రదాయం ఆయననే మూలపురుషుడంటుంది. ఏది ఏమైనా, చెయ్యి తిరిగినవాడి సొంత నేర్పుగా ఉన్నదాన్ని, ఎవడైనా కష్టపడి నేర్చుకోదగిన విద్యగా మార్చిన పేరు ఆయనది. నేర్పు మనిషితో పోతుంది. విద్య శిష్యుడికి అందుతుంది. మా మటుకు మాకు ఆయన జీవితంలో ముఖ్యమైన సంగతి ఇదే.

కాని ఆయనకు రాత ఒక్కటే చాలలేదు. పదవి కావాలనిపించింది. 928లో ఖలీఫా ముఖ్తదిర్ ఆయనను వజీరు చేశారు. రాజ్యం మొత్తానికి ఖలీఫా తరువాత ఖలీఫా అంతటి పదవి. రెండేళ్లు తిరక్కముందే, 930లో పదవి పోయింది. జైలు, ఆపైన ఫార్స్‌కు పంపించివేత. 932లో కొత్త ఖలీఫా ఖాహిర్ ఆయనను మళ్లీ పిలిచి వజీరును చేశారు. మరుసటి సంవత్సరమే ఖలీఫాకు ఎదురుగా కుట్ర జరిగింది. అందులో ఇబ్న్ ముఖ్లా కూడా ఉన్నారు. కుట్ర బయటపడేసరికి ఆయన పారిపోయి దాక్కున్నారు. మారువేషాల్లో తిరుగుతూ సైనికులను రెచ్చగొట్టారని చరిత్రకారులు రాశారు. చివరికి 934లో ఆ ఖాహిర్‌ను గద్దె దించి కళ్లు పొడిచేశారు. ఎంత ఘోరమైన రోజులో చూడండి. ఖలీఫాకే దిక్కులేదు, వజీరుకు ఏముంటుంది?

ఆ వెంటనే ఖలీఫా అయిన అర్రాజీ మూడోసారి ఆయననే వజీరుగా పెట్టుకున్నారు. మంచి రోజుల్లో ఆయన కట్టించిన మేడను గురించి, తోటను గురించి పుస్తకాల్లో వింతగా రాసి ఉంది. ఆ తోటలో చెట్లమీదుగా పట్టు వల పరిపించి, లోపల రకరకాల పక్షులను వదిలారట. జంతువులను కూడా పెంచారట. ఆ మేడ నిలవలేదు, ఆ తోటా నిలవలేదు. కాగితం మీద పెట్టిన చుక్క నిలిచింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పెద్దల కథ చెప్పేటప్పుడు మంచి చెప్పి చెడు మింగేయడం మనకు అలవాటు. అది న్యాయం కాదు. ఇబ్న్ షన్నబూజ్ అని ఖురాన్ పఠనంలో గొప్ప విద్వాంసుడు ఒకాయన ఉండేవారు. అందరూ ఒప్పుకొన్న పాఠానికి భిన్నమైన పాఠాలను నమాజులో చదువుతున్నారని ఆయన మీద ఫిర్యాదు వచ్చింది. 935లో వజీరు ఇబ్న్ ముఖ్లా ముందు విచారణ జరిగింది. ఆ ముసలి విద్వాంసుణ్ణి కొరడాతో కొట్టించారు. దెబ్బలు తింటూ ఆయన, ఈ వజీరు చెయ్యి తెగిపోవాలని అల్లాహ్‌ను వేడుకున్నారని చెప్పుకుంటారు. పాఠం విషయంలో న్యాయం ఎటున్నా, చదువుకున్నవాణ్ణి కొరడాతో దారికి తేవాలనుకోవడం ఇబ్న్ ముఖ్లాకు కీర్తి తెచ్చిన పని కాదు.

మరుసటి సంవత్సరం 936లో మూడో వజీరుగిరీ కూడా ముగిసింది. సైనికులు ఆయనను పట్టుకున్నారు. సైన్యం చేతిలో ఉన్న ఇబ్న్ రాయిఖ్ అనే సర్దారు బాగ్దాదుకు వచ్చి అసలు పెత్తనమంతా తీసుకున్నాడు. ఇబ్న్ ముఖ్లా ఆస్తులను కూడా లాక్కున్నాడు. వాటిని తిరిగి ఇమ్మని ఇబ్న్ ముఖ్లా అడిగి అడిగి విసిగిపోయారు. అప్పుడైనా ఊరుకొని, ఇంటి అరుగుమీద కూర్చొని నలుగురు పిల్లలకు రాత నేర్పుకొని ఉంటే ఆయన కథ ఇంకోలా ఉండేదేమో. కాని ఆయన ఊరుకోలేదు. ఇబ్న్ రాయిఖ్‌ను దించడానికి బజ్కమ్ అనే ఇంకొక సేనానికి రహస్యంగా ఉత్తరాలు రాశారు. ఖలీఫాకు కూడా ఆ సలహాయే ఇచ్చారు. ఖలీఫా పైకి ఒప్పుకొన్నట్టే ఉండి, ఆయన రాగానే నిర్బంధించి, సంగతంతా ఇబ్న్ రాయిఖ్‌కు చెప్పేశారు.

938లో శిక్ష పడింది. కుడిచెయ్యి నరికివేశారు.

తరువాత ఖలీఫాకే మనసు ఉండబట్టలేదంటారు. వైద్యం చేయించడానికి సాబిత్ ఇబ్న్ సినాన్ అనే వైద్యుణ్ణి పంపారు. ఈ సాబిత్ చరిత్రకారుడు కూడా. మంచం మీద ఉన్న ఇబ్న్ ముఖ్లా తెగిన చేతిని తలచుకొని ఏడ్చారని, ఖలీఫాలకు సేవ చేసిన చెయ్యి, ఖురాన్ ప్రతులు రాసిన చెయ్యి, దొంగ చేతిలాగా తెగిందే అని కుమిలిపోయారని ఆయన ద్వారానే లోకానికి తెలిసింది.

మామూలు మనిషైతే అంతటితో కుప్పకూలేవాడు. ఇబ్న్ ముఖ్లా గాయం మానగానే తెగిన మొండిచేతికి ఖలమ్ కట్టించుకున్నారు. మళ్లీ రాశారు. ఎడమచేత్తో కూడా రాశారని చెబుతారు. ఇది ఎలా సాధ్యమైంది? మాకు తోచింది చెబుతాము. అక్షరం ఆయన వేళ్లలో మాత్రమే ఉండి ఉంటే వేళ్లతోపాటు పోయేది. అక్షరం ఆయన బుద్ధిలో కొలతగా ఉంది. నుఖ్తా ఎక్కడ పడాలో, అలిఫ్ ఎక్కడ ఆగాలో, వలయం ఎక్కడ తిరగాలో ఆయనకు తెలుసు. ఆ తెలివిని కత్తి తాకలేదు.

అయితే పదవి మీద ఆశ కూడా ఆయనను వదల్లేదు. మొండిచేత్తో రాస్తూనే, నేను ఇప్పటికీ వజీరుగా పనికివస్తానని కబురంపారు. తనను ఇలా చేసినవారిని తిట్టుకుంటూ ఉండేవారు. బజ్కమ్ సైన్యంతో బాగ్దాదు వైపు వస్తున్నాడని తెలియగానే, ఇబ్న్ రాయిఖ్ మనుషులు ఆయన నాలుక కూడా కోసేశారు. చీకటి కొట్లో పడేశారు. దగ్గర ఎవరూ లేరు. బావిలో నీళ్లు తోడుకోవాలంటే ఎడమచేత్తో తాడు లాగి, పళ్లతో పట్టుకొని, మళ్లీ లాగేవారట. మూడుసార్లు వజీరు చేసిన మనిషి! 940 జూలై 20న, హిజ్రీ 328 షవ్వాల్ నెలలో ఆ కొట్లోనే కన్నుమూశారు. మొదట అక్కడే పాతిపెట్టారు. తరువాత కుటుంబంవారు అడిగి తీసుకుపోయారు. ఆపైన ఇంకొకసారి తీసి వేరే చోట ఖననం చేశారు. మూడుసార్లు వజీరు, మూడుసార్లు ఖననం అని పాతకాలపు రచయితలు ఆశ్చర్యంగా చెప్పుకున్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆయన పోయారు, విద్య పోలేదు. బాగ్దాదులోనే కొంతకాలానికి ఇబ్న్ అల్ బవ్వాబ్ వచ్చారు. బవ్వాబ్ అంటే ద్వారపాలకుడు. తండ్రి చేసిన కొలువు అది. ఇబ్న్ ముఖ్లా కొలతకు ఆయన సొగసు అద్దారు. ఆయన రాసిన ఖురాన్ ప్రతి ఒకటి, హిజ్రీ 391 నాటిది, ఐర్లాండు దేశంలో డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఆయన 1022లో మరణించారు. తరువాత యాఖూత్ ముస్తాసిమీ కలాన్ని ఇంకా ఏటవాలుగా చెక్కి రాతకు కొత్త వన్నె తెచ్చారు. 1258లో మంగోలులు బాగ్దాదును నాశనం చేసినప్పుడు ఆయన బతికి బయటపడి, 1298లో చనిపోయారు. ఖలీఫాల రాజ్యం కూలిపోయింది. ఖలమ్ మాత్రం చేతి నుంచి చేతికి మారుతూ వచ్చింది. ఇరాన్‌లో అది నస్తాలీఖ్ అనే కొత్త రూపం ధరించింది. మన ఉర్దూ రాసేది ఆ రూపంలోనే.

అది మన దక్కనుకు కూడా వచ్చింది. హైదరాబాదు పోయినవారు గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూసే ఉంటారు. నల్లరాతి సమాధుల మీద చెక్కిన అక్షరాలను ఈసారి దగ్గరగా పోయి చూడండి. సులుస్ నిలువుగీతలు వరసగా నిలబడి ఉంటాయి, వాటి మధ్య వంపులు అలల్లాగా పోతాయి. పాతబస్తీలో బాద్షాహీ ఆషూర్ఖానా గోడలకు రంగు పలకల మీద అక్షరాలను ఆలం ఆకారంలో పొదిగారు. గుర్రం ఆకారంలో, సింహం ఆకారంలో అక్షరాలను అమర్చిన చిత్రాలు కూడా దక్కను కళాకారులు చేశారు. మన నెల్లూరు జిల్లాలోనే ఉదయగిరి కొండమీది మసీదులో ఫారసీ శాసనాలు ఉన్నాయి. మద్రాసు ట్రిప్లికేనులో 1927లో పెట్టిన ది ముసల్మాన్ అనే ఉర్దూ దినపత్రికను కాతిబులు దశాబ్దాల తరబడి రోజూ చేత్తో రాసి అచ్చువేశారు. మన గల్ఫ్ అబ్బాయిలు టీవీలో చూసే అల్ జజీరా గుర్తు ఉంది కదా, బొట్టులాగా, జ్వాలలాగా ఉండేది, అది బొమ్మ కాదు. ఆ పేరే అలా మెలితిప్పి రాసినది.

అక్షరాన్ని ఇన్ని రకాలుగా వంచినా చదివేవాడికి అందుతుందంటే కారణం ఏమిటి? వంచినవాడికి కొలత తెలుసు కాబట్టి. ఎక్కడ వంచవచ్చో, ఎక్కడ వంచకూడదో తెలుసు కాబట్టి. పంక్తి నిండకపోతే కాతిబ్ ఏం చేస్తాడు? రెండు అక్షరాలను కలిపే గీతను, లాగదగిన చోట మాత్రమే పొడుగ్గా లాగుతాడు. దాన్ని కషీదా అంటారు. నిలువుగీత లావు మారదు. ఫ్లెక్సీ కొట్లో ఏం చేస్తారు? మొత్తం పేరును పట్టుకొని అడ్డంగా సాగదీస్తారు. నిలువుగీతలు కూడా దుంగల్లాగా లావెక్కుతాయి. మనిషిని సాగదీసి లావు చేసినట్టు ఉంటుంది. ఈ తేడా ఒకసారి చూశామంటే మళ్లీ కళ్లు దాన్ని మరిచిపోవు.

ఇది ఉర్దూ ఒక్కదాని సంగతి కాదు. తెలుగులో బాపు గారిని తీసుకోండి. 1933లో నరసాపురంలో పుట్టి, 2014లో చెన్నైలో కన్నుమూసిన బాపు గారు వేల పుస్తకాల అట్టల మీద, సినిమాల పేర్లలో తెలుగు అక్షరాన్ని తన చేత్తో రాశారు. తలకట్టు ఒకవైపు ఎగిరినా, కొమ్ము పక్కకు ఒరిగినా ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆ అక్షరాన్ని ఇట్టే చదువుతాడు. ఇది బాపు రాత అని చెబుతాడు కూడా. ఆ రాతను తరువాత కంప్యూటరు అక్షరాలుగా చేశారు. నేడు పెళ్లి శుభలేఖల మీద కూడా కనిపిస్తుంది. చెయ్యి పోయినా రాత ఉంది. అంత దూరం ఎందుకు, మైపాడు రేవుకు పోయి పడవల మీద రాసిన పేర్లు చూడండి. ముక్కు దగ్గర పలక వంపు తిరిగిన చోట రాసేవాడు అక్షరాన్ని ఎలా సర్దుకున్నాడో చూడండి. పడవ దూరంగా నీళ్లమీద ఊగుతూ ఉన్నా ఒడ్డున నిలబడినవాడికి పేరు తెలియాలి. అదే ఆ రాతకు పరీక్ష.

కంప్యూటరును తిట్టడానికి మేము ఇదంతా రాయలేదు. నస్తాలీఖ్‌ను యంత్రానికి నేర్పడం చాలా కష్టమని అందరూ అనుకునే రోజుల్లో, పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ గారు వేలకొద్దీ అక్షరాల కలయికలను ఒక్కొక్కటిగా చేత్తో రాసి, నూరీ నస్తాలీఖ్ అనే అచ్చు అక్షరాలను తయారుచేశారు. 1981 నుంచి పత్రికలు దానితో అచ్చు కాసాగాయి. యంత్రం చేసిన పని అది. కాని యంత్రానికి ముందు ఒక ఖుష్‌నవీస్ చెయ్యి ఉంది. సరైన అక్షరాలు ఇప్పుడు ఫోనులో కూడా వస్తున్నాయి. లోటు యంత్రంలో లేదు. చూసే కంటిలో ఉంది.

అందుకే మన సొసైటీ పెద్దలకు, తల్లిదండ్రులకు మాదొక మనవి. మసీదు బోర్డు గానీ, మదర్సా ఫ్లెక్సీ గానీ, నికాహ్ రుఖ్ఖా గానీ అచ్చుకు ఇచ్చే ముందు ఉర్దూ, అరబ్బీ చదవగలిగిన ఒకరికి చూపించండి. అల్లాహ్ పేరు, రసూల్ పేరు ముక్కలై బజారులో వేలాడటం మన అందరికీ సిగ్గుచేటు. రెండోది, వేసవి సెలవుల్లో పిల్లలకు తఖ్తీ రాయించే ఏర్పాటు చేయండి. మా చిన్నతనంలో చెక్క తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, రెల్లు కలంతో రాసి, మళ్లీ కడిగేవాళ్లం. ఖర్చు పెద్దగా ఏమీ లేదు. పిల్లలందరూ కాతిబులు కావాలని కాదు. ఒక నెల చుక్కలు పెట్టి అలిఫ్ కొలిచిన పిల్లవాడు, ఆ తరువాత జీవితమంతా తప్పు రాతను దూరంనుంచే పట్టుకుంటాడు. రేపు వాడే ఫ్లెక్సీ కొట్టు పెట్టుకుంటాడేమో, ఎవరికి తెలుసు? ఆ బడిలో చుక్క పెట్టడం చూపించడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

ఇబ్న్ ముఖ్లా మూడుసార్లు ఎక్కిన పదవిని నేడు ఎవరూ తలచుకోరు. ఆయన పట్టు వల, పక్షులు, మేడ, ఆస్తి, పగ అన్నీ మట్టిలో కలిసినాయి. రెల్లు కలంతో పెట్టిన ఒక నుఖ్తా మాత్రం బాగ్దాదు నుంచి పెన్నా ఒడ్డుదాకా వచ్చింది. దాన్ని ఇక్కడ ఆగిపోనివ్వడమో, మన పిల్లల చేతికి అందించడమో మన మీదే ఉంది.

కలంతో విద్య నేర్పిన ఆ అల్లాహ్ మన పిల్లల చేతులకు పొందికను, కళ్లకు చూపును, మనసులకు వినయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.